ఏటిలో నీళ్లున్నా ఒడ్డున చెట్లు ఎందుకు ఎండుతాయి?

ఎండలు మండే మెట్ట ప్రాంతంలో ఏరు ఎక్కడుందో దూరం నుంచే తెలిసిపోతుంది. చుట్టూ ముళ్లపొదలు, బోడిగుట్టలు. మధ్యలో సన్నగా ఒక పచ్చని చార. ఆ పచ్చదనం వాన మీద బతుకుతున్నది కాదు. అమెరికాలోని ఆరిజోనాలో శాన్ పెడ్రో నది లోయనే తీసుకుంటే, అక్కడ ఏడాదికి పడే వాన 300 నుంచి 350 మిల్లీమీటర్లు. ఒడ్డున దట్టంగా పెరిగిన కాటన్‌వుడ్ (ఏటి ఒడ్ల మీద పెరిగే పెద్ద చెట్టు) తోపు ఏడాదిలో ఆకుల గుండా ఆవిరి చేసే నీరు దాదాపు 1000 మిల్లీమీటర్లు. ఆ తేడా అంతా నేల కిందినుంచి రావలసిందే.

ఏరు పారుతున్నంత కాలం ఒడ్డు చెట్లకు ఢోకా లేదని చాలామంది నమ్మకం. ఈ నమ్మకం వల్ల చాలా తోపులు పోయాయి. చెట్టు బతికేది ఇసుక కింద, తన వేరుకు అందే దూరంలో ఉన్న నీటిమట్టంతో. ఆ మట్టం ఎంత లోతున ఉందన్నదాని కంటే ఎంత వేగంగా దిగిందన్నది ముఖ్యం. ఇక బోరు వేసిన రోజుకూ చెట్టు మోడైన రోజుకూ నడుమ ఏళ్లు గడిచిపోతాయి కాబట్టి, రెంటికీ ఉన్న సంబంధం కంటికి ఆనదు.

ఇసుక కింద

ఎండిన ఏట్లో చెలమ తీస్తే మొదట పొడి ఇసుక, తర్వాత చేతికి అంటుకునే తడి ఇసుక, ఇంకా కిందికి పోతే ఊరే నీళ్లు. ఆ ఊట నిలిచిన మట్టమే భూగర్భజల మట్టం. దాని పైనున్న తడి పొరను కేశనాళిక పొర అంటారు. దీపపు వత్తి నూనెను పైకి పీల్చినట్టు, ఇసుక రేణువుల సందుల గుండా నీరు మట్టం కంటే పైకి పాకి ఆ పొర ఏర్పడుతుంది. ముతక ఇసుకలో ఇది కొన్ని సెంటీమీటర్లే. సన్న ఇసుకలో 30 నుంచి 50 సెంటీమీటర్లు. ఒండ్రుమట్టిలో మీటరు దాటవచ్చు. నీటిమట్టం ఒక అడుగు దిగినప్పుడు ఒండ్రు మీద నిలబడ్డ చెట్టుకు కొంత ఊపిరి దొరుకుతుంది, ముతక ఇసుకలో నిలబడ్డ చెట్టుకు అది దొరకదు. ఒకే ఏటి ఒడ్డున పక్కపక్క చెట్లలో ఒకటి ఎండి ఒకటి పచ్చగా ఉండటానికి చాలాసార్లు కారణం ఇదే.

ఒడ్డున నీటిమట్టం ఏటి నీటికంటే ఎత్తుగా ఉంటే భూగర్భజలం ఏట్లోకి ఊరుతుంది. తక్కువగా ఉంటే ఏటి నీరు నేలలోకి ఇంకుతుంది. బోర్లతో నీటి తోడకం పెరిగేకొద్దీ మొదటి రకం ఏరు రెండో రకంగా మారుతుంది. మట్టం ఇంకా దిగితే ఏటి అడుగుకూ నీటిమట్టానికీ మధ్య పొడి పొర పడి, రెంటికీ లంకె తెగిపోతుంది. అక్కడినుంచి నీటిమట్టం ఇంకెంత దిగినా ఏరు దాన్ని మునుపటికంటే వేగంగా నింపలేదు. పైన గలగలా పారుతున్న నీరు, కింద పది మీటర్ల లోతున నీటిమట్టం, మధ్యలో దాహంతో ఉన్న వేళ్లు: ఇలాంటి స్థితి కూడా ఉంటుంది.

దీనికి మంచి ఉదాహరణ దక్షిణ ఆరిజోనాలోని శాంటా క్రూజ్ నది. దాని ఎగువ భాగంలో ఏడాది పొడవునా పారేది శుద్ధిచేసిన మురుగునీరు. అందులో నత్రజని వంటి పోషకాలు ఎక్కువగా ఉండటంతో నది అడుగున సూక్ష్మజీవులు, నాచు కలిసి జిగట పొరలా పేరుకున్నాయి. పెద్ద వరద వచ్చి ఆ పొరను చీల్చే దాకా నీరు కిందికి ఇంకలేదు. 2005లో ఆ నది ఒడ్డున కాటన్‌వుడ్‌లు పెద్ద సంఖ్యలో ఎండిపోయాయి, పక్కనే నీళ్లు పారుతుండగానే. తర్వాత శుద్ధికేంద్రాన్ని మెరుగుపరచి పోషకాలు తగ్గించాక ఇంకడం పెరిగింది. దాంతో పైన పారే నీరు మునుపటంత దూరం పోలేదు. చూసేవాళ్లకు నది తగ్గినట్టు అనిపించింది, చెట్ల వేళ్లకు మాత్రం నీరు అందసాగింది.

ఏ మొక్కకు ఎంత లోతు

భూగర్భజలం మీద ఆధారపడే మొక్కలకు ఫ్రియాటోఫైట్లు అని 1920లలో అమెరికా భూగర్భజల శాస్త్రవేత్త ఆస్కార్ మైన్‌జర్ పేరుపెట్టాడు. ఆ పేరు కిందికి వచ్చేవన్నీ ఒక్క తీరున ఉండవు. జమ్ము, తుంగ లాంటివాటికి నీటిమట్టం జానెడు లోతున, అంటే 25 సెంటీమీటర్ల లోపే ఉండాలి. కాటన్‌వుడ్, గుడ్డింగ్ విల్లో చెట్లకు మూడు మీటర్ల లోపు ఉంటే హాయి. మన సర్కారు తుమ్మకు దగ్గరి చుట్టమైన మెస్కీట్ పది మీటర్ల కిందికీ వేరు దించగలదు. అందుకే నీటిమట్టం మెల్లగా దిగుతున్న ఏటి ఒడ్డున మార్పు మెట్లు మెట్లుగా కనిపిస్తుంది. మొదట ఒడ్డంచు గడ్డి, తుంగ పోతాయి. తర్వాత లేత విల్లోలు, ఆపైన పెద్ద చెట్లు. తుంగ మాయమైనప్పుడు ఎవరూ పట్టించుకోరు. నా దృష్టిలో అన్నిటికంటే ముందుగా, అన్నిటికంటే చవకగా దొరికే హెచ్చరిక అదే.

ఆరిజోనాలోని టూసాన్ నగరం దగ్గర ఒక గని తవ్వకంలో మెస్కీట్ వేరు 53 మీటర్ల లోతున కనబడిందన్న సంగతి తరచూ వినిపిస్తుంది. అది నిజమే. దాన్నిబట్టి చెట్టు నీటి వెంట ఎంత దూరమైనా పోతుందని తేల్చేస్తేనే పొరపాటు. అంత లోతుకు దిగడానికి ఆ వేరుకు దశాబ్దాలు పట్టి ఉంటుంది, దారి పొడవునా తడి దొరికి ఉంటుంది. అదే టూసాన్ దగ్గర శాంటా క్రూజ్ ఒడ్డున ఒకప్పుడు పేరుపొందిన మెస్కీట్ అడవి, 1940ల తర్వాత పంపులు నీటిమట్టాన్ని పదుల మీటర్లు దించేయడంతో మోడుల వనమైపోయింది.

కాటన్‌వుడ్ వేరుకు ఇంకో ఇబ్బంది ఉంది. దానికి నీరూ కావాలి, గాలీ కావాలి. అందుకే పీల్చే సన్నవేళ్లలో ఎక్కువ భాగం నీటిమట్టానికి కాస్త పైన, కేశనాళిక పొర దగ్గర గుంపుగా ఉంటాయి. మట్టం ఏళ్లతరబడి ఒకేచోట నిలకడగా ఉంటే చెట్టు ఆ లోతును నమ్ముకుని అక్కడే వేళ్లు అల్లుకుంటుంది. ఒక ఏడాది పైకి, ఒక ఏడాది కిందికి ఊగితే ఒకసారి ముంపుకు ఊపిరాడక, ఇంకోసారి దాహానికి సన్నవేళ్లు చచ్చిపోతాయి. శాన్ పెడ్రో మీద జరిగిన అధ్యయనంలో కాటన్‌వుడ్, విల్లోలు పైచేయిగా నిలిచిన చోట్ల మూడు లక్షణాలు కనిపించాయి. ఏడాదిలో 76 శాతానికి మించిన కాలం ఏరు పారడం, నీటిమట్టం సగటున 2.6 మీటర్ల లోపు ఉండటం, ఏడాదికీ ఏడాదికీ దాని హెచ్చుతగ్గు అర మీటరు దాటకపోవడం. ఈ హద్దులు దాటిన చోట టామరిస్క్ పొదలు రాజ్యమేలాయి. ఈ అంకెలు ఆ నదికి చెందినవి. వేరే ఏటికి వాటినే అంటగట్టకూడదు కానీ, లోతుతో పాటు ఊగిసలాటనూ కొలవాలన్న పాఠం ఎక్కడైనా చెల్లుతుంది.

చెట్టు లోపల

చెట్టులో నీరు పైకి ఎక్కేది ఆకు లాగుడు వల్ల. నీరు మోసే దారువు నాళాల్లో వేరు కొసనుంచి ఆకు దాకా నీరు తెగని తీగలా సాగి ఉంటుంది. కింద నీరు దూరమైతే లాగుడు పెరుగుతుంది. మితిమీరితే తీగ పుటుక్కున తెగి, నాళంలోకి గాలిబుడగ చేరుతుంది. ఆ నాళం ఇక నీరు మోయదు. కాటన్‌వుడ్ కొమ్మల్లో ఈ లాగుడు సుమారు 1.5 మెగాపాస్కల్‌కు (ఇది పీడనపు కొలమానం) చేరేసరికి నీరు మోసే శక్తి సగానికి పడిపోతుంది. చెట్లలో ఇది చాలా సున్నితమైన హద్దు. మెస్కీట్, టామరిస్క్‌లు ఇంతకంటే ఎంతో ఎక్కువ లాగుడును ఓర్చుకుంటాయి.

ఈ ముప్పు తప్పించుకోవడానికి చెట్టు మొదట పగటిపూట పత్రరంధ్రాలు మూసుకుంటుంది. దానివల్ల ఎదుగుదల కుంటుపడుతుంది, ఆ ఏడాది కాండంలో పడే వలయం సన్నబడుతుంది. తర్వాత నడివేసవిలోనే ఆకులు పసుపెక్కి రాలతాయి. అప్పటికీ చాలకపోతే చిటారుకొమ్మలను వదిలేస్తుంది. పైన ఎండుకొమ్మలు, కింద కాండం మీద కొత్త చిగుళ్లు కనబడుతున్నాయంటే చెట్టు తన ఆకుల భారాన్ని వేరుకు అందే నీటికి సరిపెట్టుకుంటోందని అర్థం. మట్టం అక్కడే ఆగితే అది మరో ముప్పై ఏళ్లు బతకవచ్చు.

మట్టం ఒక్కసారిగా దిగితే ఇంత వ్యవధి ఉండదు. అమెరికాలోని కొలరాడో రాష్ట్రపు మైదానాల్లో ఒక ఏటి దగ్గర ఇసుక తవ్వకాల వల్ల ముతక ఇసుకలో నీటిమట్టం మీటరు, అంతకు మించి దిగి అలాగే ఉండిపోయింది. మూడు వారాల్లో ఆకులు మాడి, కొమ్మలు ఎండటం మొదలైంది. మూడేళ్లలో అక్కడి కాటన్‌వుడ్‌లలో 88 శాతం చచ్చిపోయాయి. అదే మీటరు పదేళ్లలో దిగి ఉంటే ఫలితం ఇంత ఘోరంగా ఉండేది కాదు. మరో సంగతి, ఇక్కడ బోర్ల ప్రమేయమే లేదు. ఏటి అడుగు లోతైతే ఒడ్డున నీటిమట్టం దానంతటదే కిందికి జారుతుంది. ఇసుక తవ్వకాన్ని భూగర్భజలానికి సంబంధం లేని వ్యవహారంలా చూడటం పెద్ద తప్పు.

మొలకలు లేని తోపు

పెద్ద చెట్లు పచ్చగా ఉన్నాయి కదా అని తృప్తిపడితే మరో మోసం ఉంటుంది. కాటన్‌వుడ్ గింజ దూదిపింజలా ఎగిరి పడుతుంది. దాని జీవం కొన్ని వారాలే. అది మొలవాలంటే వరద కొత్తగా పరిచిన తడి ఒండ్రు, నీడ లేని నేల కావాలి. మొలిచాక ఒండ్రులో నీటిమట్టం దిగే వేగంతో వేరు పోటీపడాలి. రోజుకు రెండున్నర సెంటీమీటర్ల చొప్పున దిగితే లేత మొలకల్లో చాలావాటికి అందుకోవడం సాధ్యం. అంతకు మించితే వేరు కొస పొడి ఇసుకలో మిగిలిపోయి మొలక రెండు మూడు రోజుల్లో వాడిపోతుంది. మొదటి ఏడాది ముగిసేసరికి వేరు 60 నుంచి 100 సెంటీమీటర్లు దిగుతుంది. ఆ వేసవి కనిష్ఠ మట్టం అంతకంటే లోతున ఉంటే ఆ ఏడాది మొలకలన్నీ పోయినట్టే.

అందువల్ల ఏటి ఒడ్డున నడిచేటప్పుడు పెద్ద చెట్లను ఎన్ని లెక్కపెట్టినా, మోకాలెత్తు మొక్కలు ఎన్ని ఉన్నాయో చూడకపోతే ఆ సర్వే సగమే. ముప్పై నలభై ఏళ్లుగా కొత్త మొలకలు నిలవని తోపు, పైకి ఎంత పచ్చగా ఉన్నా వారసులు లేని ఇల్లే.

బోరుకూ మోడుకూ మధ్య ఏళ్లు

బోరు తోడిన ప్రతి చుక్కా ఎక్కడినుంచో రావాలి. అమెరికా భూగర్భజల శాస్త్రవేత్త చార్లెస్ థీస్ 1940లో ఇది తేటగా చెప్పాడు. మొదట్లో నేలలో నిలవున్న నీరు తగ్గుతుంది. కాలం గడిచేకొద్దీ ఏట్లోకి ఊరవలసిన నీరు, ఏటినుంచి అదనంగా ఇంకే నీరు, చెట్లు తాగవలసిన నీరు బోరు వాటాలోకి పోతాయి. ఈ మార్పుకు ఎంతకాలం పడుతుందో అంచనా వేయడానికి ఒక సులువైన లెక్క ఉంది. బోరుకూ ఏటికీ ఉన్న దూరాన్ని మీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించాలి. వచ్చినదాన్ని నేల కారనిచ్చే నీటి వంతుతో (నీటితో నిండిన నేల ఘనపరిమాణంలో ఎన్నో వంతు నీరు కారి వస్తుందో ఆ అంకెతో) గుణించి, ఆ పొర నీటిని ప్రసరింపజేసే సామర్థ్యంతో భాగించాలి. వచ్చే జవాబు రోజుల్లో ఉంటుంది.

కారే వంతు 0.2, ప్రసరణ సామర్థ్యం రోజుకు 1000 చదరపు మీటర్లు అనుకుందాం. ఏటికి కిలోమీటరు దూరంలో బోరుంటే జవాబు 200 రోజులు. అన్ని రోజులు ఆపకుండా తోడితే, ఆ నాటికి బోరు తోడే నీటిలో 48 శాతం ఏటి లెక్కలోనుంచే వస్తోందన్నమాట. ఏడాదికి అది 60 శాతం. ఇప్పుడు బోరును 5 కిలోమీటర్ల దూరం జరుపుదాం. జవాబు 5000 రోజులు, అంటే పదమూడేళ్లు దాటుతుంది. మొదటి ఏడాది చివర ఏటికి కలిగే నష్టం తోడకంలో ఒక శాతం కూడా ఉండదు. కొలిచినా దొరకదు. పదేళ్లకు 41 శాతం అవుతుంది.

పదేళ్లు నిండిన రోజున బోరు ఆపేశామనుకోండి. మరో ఏడాది తర్వాత చూస్తే నష్టం తగ్గదు సరికదా, 42 శాతం దగ్గర ఉంటుంది. ఆపిన పదేళ్లకు కూడా 15 శాతం మిగిలే ఉంటుంది. ఏరు తిన్నగా, నేలపొర అంతటా ఒకే తీరుగా ఉందనుకుని వేసిన లెక్క ఇది, అసలు నేల ఇంత సాఫీగా ఉండదు. అయినా తీరు మారదు. తోడకపు దెబ్బ ఆలస్యంగా వచ్చి, ఆలస్యంగా పోతుంది. "కొమ్మలు ఎండటం మొదలైతే పంపులు ఆపుదాం" అన్న నిబంధన ఎందుకు పనికిరాదో ఈ అంకెలే చెబుతున్నాయి.

దీని వెంటే ఇంకో ఉచ్చు ఉంది. కొన్నాళ్లకు పరిశీలన బావిలో నీటిమట్టం దిగడం ఆగుతుంది. గ్రాఫు మీద గీత చదునవుతుంది. పరిస్థితి చక్కబడిందని నివేదికలు రాస్తారు. తోపు ఎండిపోయి నీరు తాగడం మానేసినందువల్ల కూడా ఆ గీత చదునవుతుంది. బావి ఒక్కదాన్నే చూసేవాళ్లకు ఈ రెంటి మధ్య తేడా తెలియదు.

ఎలా కొలవాలి

ఏటికి అడ్డంగా ఒకే వరసలో కనీసం మూడు పరిశీలన గొట్టాలు దింపాలి. ఒడ్డంచున ఒకటి, తోపు నడుమ ఒకటి, తోపు దాటాక ఒకటి. ఐదు సెంటీమీటర్ల పీవీసీ గొట్టం చాలు. చిల్లులున్న భాగం వేసవి కనిష్ఠ మట్టానికి మీటరో మీటరున్నరో కిందికి పోవాలి. తరచుగా జరిగే పొరపాటు, నీరు పైనున్న కాలంలో గొట్టం దింపి, నీరు తగిలింది కదా అని ఆపేయడం. ఎండాకాలంలో అది పొడిబారి, అసలు కావలసిన నెలల లెక్కే లేకుండా పోతుంది. గొట్టాల నోళ్లను, ఏటి అడుగును ఒకే ఆధారం నుంచి లెవెల్ తీయాలి. లేకపోతే నీరు ఏటినుంచి ఒడ్డుకు పోతోందా, ఒడ్డునుంచి ఏటికి వస్తోందా అన్నది తేలదు. లోపల వేలాడే పీడన లాగర్ (నీటి పీడనాన్ని తనంతట తాను నమోదు చేసే పరికరం) గంటకోసారి రాసుకోవాలి. గాలిపీడనాన్ని వేరుగా కొలిచి అందులోనుంచి తీసేయాలి. నెలకోసారి టేపుతో కొలిచి సరిచూడాలి, ఎందుకంటే లాగర్ తాడు రెండు సెంటీమీటర్లు జారినా అది కరవులా కనిపిస్తుంది.

గంటగంట లెక్క అడగడానికి కారణం ఉంది. వేసవిలో ఆ గీత రోజూ ఊపిరి తీసినట్టు కదులుతుంది. పగలు చెట్లు తాగుతుంటే మట్టం దిగుతుంది, రాత్రి పక్కనుంచి నీరు చేరి మళ్లీ లేస్తుంది. 1932లో అమెరికా జలశాస్త్రవేత్త వాల్టర్ వైట్ దీన్నుంచే చెట్లు తాగే నీటిని లెక్కగట్టాడు. అర్ధరాత్రి నుంచి నాలుగు గంటల దాకా మట్టం గంటకు 0.25 సెంటీమీటర్ల చొప్పున లేచిందనుకుందాం. 24తో గుణిస్తే 6 సెంటీమీటర్లు. నిన్నటికీ ఈ రోజుకూ నికరంగా ఒక సెంటీమీటరు దిగితే అది కలిపి 7. నేల కారే వంతు 0.1 అయితే తోపు ఆ రోజు 7 మిల్లీమీటర్ల నీరు తాగినట్టు. ఈ రోజువారీ ఊపు ఏడాదికేడాది చిన్నదవుతూ వస్తే తోపు చేతినుంచి జారిపోతోందని అర్థం, ఆకులింకా పచ్చగానే ఉన్నా సరే. లెక్కలో బలహీనమైన అంకె కారే వంతే. దాన్ని పుస్తకంలోనుంచి ఎత్తి వేస్తే జవాబు రెట్టింపు తప్పవచ్చు.

చెట్టును నేరుగా అడగాలంటే తెల్లవారకముందే వెళ్లాలి. అప్పటికి రాత్రంతా పత్రరంధ్రాలు మూసి ఉండటంతో చెట్టు, వేరు చుట్టూ ఉన్న తడి దాదాపు సరితూగి ఉంటాయి. చిన్న రెమ్మను బ్లేడుతో కోసి, కోసిన కొస బయటికి ఉండేలా పీడన పాత్రలో బిగించి, నత్రజని వాయువును మెల్లగా వదలాలి. భూతద్దంతో చూస్తుంటే కోసిన మొఖం ఒక క్షణంలో తడిసి మెరుస్తుంది. ఆ క్షణపు పీడనమే చెట్టు పడుతున్న లాగుడు. కాటన్‌వుడ్‌లో అది అర మెగాపాస్కల్ లోపు ఉంటే నీరు అందుతున్నట్టే. వాయువును తొందరపడి వదిలినా, రెమ్మ కోశాక ఐదు నిమిషాలు ఊరికే ఉంచినా అంకె తప్పుతుంది.

ఉపగ్రహ చిత్రాలు 1984 నుంచి 30 మీటర్ల స్పష్టతతో దొరుకుతున్నాయి, ఇది గొప్ప ఖజానా. అయితే కాటన్‌వుడ్ పోయి ఆ చోట టామరిస్క్ కమ్ముకున్నా పచ్చదనపు సూచీ పెద్దగా మారకపోవచ్చు. టామరిస్క్‌నే దోషిని చేసి, అది నీళ్లు తాగేయడం వల్లే చెట్లు పోయాయన్న మాట చాలాకాలం నడిచింది. కొలిచి చూస్తే దాని తాగుడు అక్కడి చెట్లకంటే పెద్దగా ఎక్కువేం కాదు. లోతైన మట్టానికీ, వరదలు కడగక పేరుకున్న ఉప్పుకూ తట్టుకోగలదు కాబట్టి అది ఖాళీ అయిన చోట కూర్చుంది. కారణాన్ని వదిలి దాన్ని నరికితే అక్కడ మిగిలేది బీడు.

నీరు తిరిగి ఇస్తే

చైనా పడమటి ఎడారిలో తారిమ్ నదికి 1972లో దాషిహైజి జలాశయం కట్టాక దిగువన 300 కిలోమీటర్లకు పైగా ఎండిపోయింది. అక్కడి యూఫ్రేట్స్ పాప్లర్ చెట్ల అడవి మోడువారింది. 2000 నుంచి విడతలవారీగా నీరు వదులుతున్నారు. 2001 నవంబరులో ఆ నీరు చివరనున్న తైతెమా సరస్సును చేరింది. కాలువ దగ్గర నీటిమట్టం లేచి ముసలి చెట్లు తిరిగి చిగిర్చాయి. దూరం పోయేకొద్దీ ఫలితం సన్నగిల్లింది. నీరు గట్టు దాటి పరుచుకోని చోట మొలకలు రాలేదు. కాలువ నిండా నీరు పోస్తే ఉన్న చెట్టు బతుకుతుందేమో కానీ, కొత్త చెట్టు పుట్టాలంటే నీరు గట్టు పొర్లాలి, తర్వాత మెల్లగా తీయాలి.

మెక్సికోలోని కొలరాడో నది డెల్టాలో 2014 మార్చి 23 నుంచి మే 18 దాకా దాదాపు 13 కోట్ల ఘనపు మీటర్ల నీరు వదిలారు. గింజలు రాలే కాలానికి సరిపడేలా వేళ చూసుకున్నారు. ఆ ఏడాది పచ్చదనం పెరిగింది, తర్వాతి ఏళ్లలో మళ్లీ తగ్గింది. నేల చదును చేసి, అడ్డుపొదలు తీసి, తర్వాత కూడా నీరు పెట్టిన చోట్ల మాత్రం తోపులు నిలిచాయి.

నాటేవాళ్లు కాటన్‌వుడ్, విల్లో కొయ్యలను ఆకు రాలిన చలికాలంలో కోస్తారు. మూడు నుంచి ఐదు మీటర్ల పొడవు, మణికట్టంత లావు. వారం పది రోజులు నీళ్లలో నానబెట్టి, నీటిమట్టాన్ని తాకేలా గొయ్యి తీసి దించి, చుట్టూ గాలి సందులు లేకుండా మట్టి కూరాలి. చాలా కొయ్యలు ఎందుకు చస్తాయంటే, గొయ్యి చలికాలపు మట్టం దాకానే తీస్తారు. జూన్‌కు ఆ మట్టం మీటరు కిందికి పోతుంది, చిగురించిన కొయ్య ఉన్నట్టుండి మాడిపోతుంది. గొయ్యి లోతును నిర్ణయించేది గడిచిన వేసవుల కనిష్ఠ మట్టం. అది తెలియాలంటే నాటడానికి ఒక ఏడాది ముందే గొట్టాలు దింపి ఉండాలి.

తోడకానికి హద్దు పెట్టేటప్పుడూ ఇదే పద్ధతి. చెట్టు తట్టుకోగల మట్టాన్ని ముందు తేల్చాలి. ఇప్పటికే తోడేసిన నీటి వల్ల రాబోయే ఏళ్లలో ఇంకా ఎంత దిగనుందో పై లెక్కతో కట్టాలి. పంపు ఆగవలసిన గీతను ఆ మేరకు పైన గీయాలి. ఉదాహరణకు చెట్టు హద్దు 3 మీటర్లు, దారిలో ఉన్న దిగుదల 60 సెంటీమీటర్లు అయితే, పంపు 2.4 మీటర్ల దగ్గరే ఆగాలి.